లండనులో నొక శుక్రవారము

ఉపాధ్యాయుని జీతముతో ఐరోపాయాత్ర యెట్లు పొసగెనని సోదరీమణులకు సందేహము గలుగవచ్చును. విమానపు టిక్కెట్లు కొని పంపినవాడు లండనులో నుద్యోగము సేయుచున్న మా మరది. తక్కిన వ్యయమునకై మావారు తమ భవిష్యనిధి నుండి కొంత తీసిరి. "ఒక్కసారి రండు, మనసునకు తెరపిగా నుండును" అని అతడు ఐదేండ్లుగా అడుగుచునే యుండెను.

రోమునగరమున దిగి, ఫ్లారెన్సు, పారిసు చూచి, సముద్రము క్రింద త్రవ్విన సొరంగపుమార్గమున రైలులో లండను చేరితిమి. మా తోడికోడలికి ఏడవ నెల. ఆమెకని గుంటూరునుండి ఆవకాయ, సున్నుండలు, కందిపొడి తెచ్చితిమి. పెట్టె యడుగున నింకొక వస్తువు గూడ నుండెను. దాని నిచ్చుటయా మానుటయా యని తేల్చుకొనలేక మూడు దేశములు మోసికొని తిరిగితిమి. చేరి నాలుగు దినములైనను అది పెట్టెలోనే యుండెను.

తిరుగుప్రయాణమునకు ముందు మిగిలినది ఒక్క శుక్రవారము. ఆనాడు అచ్చటి పెద్ద మ్యూజియములు కొన్ని రాత్రి ప్రొద్దుపోవువరకు తెరచియుండును. మావారు ముందునాటి రాత్రియే యొక కాగితముపై గంటలవారీగా పట్టిక వ్రాసిరి. ఈజిప్టునకు నలుబది నిమిషములు, అసీరియాకు నలుబది, గ్రీసునకు ముప్పది. బడిగంట యొక్కటి తక్కువ.

పది గంటలకు బ్రిటిషు మ్యూజియము చేరితిమి. ఇది 1753లో స్థాపితమై 1759లో ప్రజలకు తెరువబడినది. ప్రవేశమునకు రుసుము లేదు. సంచులు మాత్రము ద్వారమున వెదకుదురు. మా సంచిలోని పులిహోర డబ్బాను చూచి కావలివాడు నవ్వి పంపివేసెను. లోపల విశాలమైన నడిముంగిలి. దానిపై 2000వ సంవత్సరమున వేసిన గాజుపైకప్పు. ఆకాశము మబ్బుపట్టియున్నను ముంగిలి యంతయు పాలవెన్నెలవలె నుండెను.

రొసెట్టా శిలచుట్టు జనము మూగియుండిరి. 1799లో ఈజిప్టున దొరకిన యీ నల్లని రాతిపై ఒకే శాసనము మూడు లిపులలో గలదు. అందలి గ్రీకుభాష తెలిసినది గనుక, దాని యూతతో షాంపోలియను అను ఫ్రెంచి పండితుడు 1822లో ఈజిప్టువారి చిత్రలిపి గుట్టు విప్పెను. మావారు మాకు దీనిని చెప్పుచుండగా, ప్రక్కనున్న యిద్దరు బడిపిల్లలు భాష తెలియకున్నను నోళ్లు తెరచి వినిరి. కంఠస్వరమునుబట్టియే పంతులని పోల్చియుందురు.

అసీరియా గదిలో మాత్రము పట్టిక తప్పినది. అషూర్‌బనిపాలు రాజు సింహములను వేటాడుట యచ్చట గోడలనిండ చెక్కియున్నది. క్రీస్తుకు పూర్వము 645 ప్రాంతమున నినెవె నగరపు రాజప్రాసాదమున కని చేసిన పని. అందొక యాడుసింహము బాణములు తగిలి నడుము విరిగి, చచ్చుపడిన వెనుకకాళ్ల నీడ్చుకొనుచు, ముందుకాళ్లపై లేచి యరచుచున్నది. రాజు తన శౌర్యము చూపుటకే చెక్కించియుండును. చెక్కినవాని మనస్సు ఆ మృగము పక్షముననే యున్నట్లు మాకు దోచినది. గ్రీసుదేశమువారు తిరిగి యిమ్మని కోరుచున్న పార్థెనాను శిల్పములను దీనివలన వడివడిగా దాటవలసివచ్చెను.

మేము వచ్చినది నిజమునకు అమరావతికొరకు. మా గుంటూరునుండి అమరావతికి బస్సులో నించుమించు గంట ప్రయాణము. కార్తికమాసమున అమరేశ్వరుని దర్శించి, కృష్ణలో దీపములు విడిచి వచ్చుటయే గాని, ఊరిప్రక్కనున్న స్తూపపు దిబ్బను మేమెన్నడును నిలిచి చూచినవారము కాము. ఇచ్చట ఆసియాఖండపు వస్తువులుండు గది కొనను, గాజుగోడ వెనుక, ఆ స్తూపపు రాళ్లు వరుసలుగా నిలిపియున్నవి. ఈ మ్యూజియమువారి యొద్ద నిట్టివి 120కి పైగా గలవు. పల్నాటి సున్నపురాయి, ఆకుపచ్చని చాయ కొంచెము గలిగిన తెలుపు. లోపల మేము తప్ప నెవ్వరును లేరు.

వాని ప్రయాణము మావారు చెప్పిరి. 18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతిలో పట్టణము కట్టించునప్పుడు దిబ్బలోని రాళ్లు బయటపడెను. కొన్ని కట్టడములలో చేరెను. కొన్ని కాల్చి సున్నము చేయబడెను. కర్నలు మెకంజీ చూచి చిత్రములు వ్రాయించెను. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి మద్రాసునకు పంపినవి 1859లో ఓడపై లండను చేరెను. చేరియు, కొన్నేండ్లు ఫైఫుహౌసు అను భవనపు బండ్లకొట్టములో పడియుండగా, జేమ్సు ఫెర్గుసను 1867 ప్రాంతమున కనుగొనెను. 1880లో నీ మ్యూజియమునకు వచ్చినవి.

"ఇచ్చటికి రాకున్న సున్నమై యుండెడివి" అని మావారనిరి.

"మద్రాసులో నిలిచినవి సున్నము కాలేదు గదా" అని మేమంటిమి. చెన్నపట్టణపు మ్యూజియములో నింతకంటె నెక్కుడు రాళ్లు నేటికిని నిలిచియున్నవి. మావారు కాదనలేకపోయిరి. కాని కాల్చినవారు మనవారే యన్న మాటకు మాకును బదులు దొరకలేదు. ఇరువురము కొంతసేపు మాటాడక తిరిగితిమి.

ఒక పలకకు ముందువెనుకల రెండుదిక్కుల శిల్పము గలదు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున ఒకవైపు బోధివృక్షము, దానిక్రింద వట్టి ఆసనము, నమస్కరించు భక్తులు. రమారమి మూడువందల యేండ్ల తరువాత వచ్చిన శిల్పులు ఆ రాతినే త్రిప్పి, వెనుకవైపున స్తూపమును సింహస్తంభములతో సహా చెక్కిరి. స్తూపము పూర్వమెట్లుండెడిదో దీనిని చూచియే యూహింపవలెను. పాత చీరకు అంచు విప్పి తిరుగవేసి కుట్టుకొను మనవారి పొదుపు జ్ఞప్తికి వచ్చినది.

ఇంకొక పలకమీద నాలుగు ఘట్టములు. పైన మాయాదేవి స్వప్నము, పండితులు దానికి ఫలము చెప్పుట. క్రింద లుంబినీవనమున జననము, శిశువును కులదైవమగు యక్షునికి చూపుట. బాల్యమున మా నాయనగారు మాచే అమరకోశము వల్లెవేయించిరి. అందు బుద్ధుని పేళ్లలో "మాయాదేవీసుతుడు" అనునది యొకటి. బట్టీయము పట్టిన పేరేగాని రూపమెన్నడును కన్నులగట్టలేదు. ఇచ్చట మాయాదేవి చెట్టుకొమ్మ క్రింద నిలిచియున్నది. దేవతలు నలువురు పొడవైన వస్త్రమును చేతులతో పట్టుకొనియున్నారు. ఆ వస్త్రముమీద శిశువు లేడు. చిన్నచిన్న యడుగుల గుర్తులు మాత్రమున్నవి. ఆ కాలపు శిల్పులు బుద్ధుని రూపము చెక్కక పాదములతోనే సూచించుట యాచారమట. కృష్ణాష్టమినాడు మనము వాకిటినుండి దేవుని గదివరకు ముగ్గుపిండితో వేయు పాదములవంటివే.

మావారు తేదీలు చెప్పుట మానిరి. మాయాదేవి ప్రసవించిన యేడవనాడు గతించెనందురు. మా యింట గతించినది శిశువు; తొమ్మిదవనాడు. ఐదేండ్లయినది. బారసాలకని మావారు స్వయముగా బందరు వెళ్లి తెచ్చిన బట్ట మడత విప్పకయే యుండిపోయినది. పెట్టె యడుగున మేము మోసితెచ్చినది దానినే. అశుభమనుకొందురేమో యను భయమొకటి, మనచేతి నుండి విడుచుట యెట్లను బాధ యొకటి. ఆ రాతియెదుట ఎంతసేపుంటిమో తెలియదు. కాపలా స్త్రీ యొకతె వచ్చి, కుర్చీ కావలెనా యని మర్యాదగా నడిగి పోయెను.

రస్సెల్ స్క్వేరు తోటలో బల్లపై కూర్చుండి పులిహోర తిని, హోబరనులో భూగర్భపు రైలెక్కి సౌత్ కెన్సింగ్టనున దిగితిమి. అచ్చటినుండి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమునకు నేలలోపలనే నడవదగిన సొరంగము గలదు. ఇది చేతిపనులకు, వస్త్రములకు పేరొందిన మ్యూజియము. మగవారు ఒక గంట చాలుననుకొని, స్త్రీలు మూడుదినములైనను చాలదనుకొను చోటు.

అందొక మంచమున్నది. ఇంగ్లండులో మిగుల ప్రసిద్ధుడైన నటుడు డేవిడ్ గారిక్కు, అతని భార్య యేవా మారియా, థేమ్సు నదియొడ్డునగల తమ యింటిలో నుంచుకొన్నది. ఈ మంచపు తెరలకు కావలసిన పూలబట్ట మన బందరులో తయారైనది. కలకత్తాలోని యభిమానులు 1774-75 ప్రాంతమున కానుకగా పంపిరి. అది తీరము చేరగానే సుంకపు అధికారులు పట్టుకొనిరి. ఏలయనిన, మన రంగుబట్టలకు ఆ దేశస్త్రీలు మోజుపడుటచే అచ్చటి పట్టునేతవారికి, ఉన్నినేతవారికి బ్రతుకు గడువక, 1700లో నొకటి, 1721లో నొకటి నిషేధశాసనములు వచ్చెను. 1719లో నేతగాండ్రు కడుపుమంటతో వీధులలో స్త్రీల ఒంటిమీది బట్టలను చింపివేసిరట. నూరేండ్ల పిమ్మట మన నేతవారి కడుపులు వారి మిల్లులచే మాడినవి గావున, ఈ కథ విని యెవరిపక్షమున నిలువవలెనో నిర్ణయించుట కష్టము.

భార్య దుఃఖము చూడలేక గారిక్కు ప్రభుత్వమున తనకు తెలిసినవారికి జాబు వ్రాసి వేడుకొనెను. తుదకు బట్ట యిల్లు చేరినది. ఆ దంపతులకు సంతానము లేదు. అతడు 1779లో మరణింపగా ఆమె 1822వరకు, నలుబదిమూడేండ్లు, ఒంటిగా జీవించెను.

ఇట్టి బట్ట యొక్కటి యగుటకు ఎన్ని చేతులో! కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యెండబెట్టుట. తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట నూరవేసి తీసిన నలుపుతో గీతలు. పటిక పూసినచోట చిరివేరు కాచిన యెరుపు. నీలిమందు తగులరాని తావులకు మైనము. నడుమనడుమ పారునీట ఉతుకుట. పారునీరు లేనిచో రంగు తేటపడదు. ఇది పెడన పట్టణమునకు చెందిన పనివారు చెప్పగా వినినది.

సాయంకాలము రైలులో, "మడతలోనే యుంచిన చివుకును" అని మాత్రము మావారనిరి.

రాత్రి భోజనములైన పిదప పెట్టె తెరచితిమి. తోడికోడలికి దాచక యంతయు చెప్పితిమి. ఎవరికని కొన్నదియు, ఏమైనదియు. వలదన్న మాకు కష్టము లేదనియు. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట బట్టను చేతిలోకి తీసికొని మడతలు విప్పి, దీపముదగ్గర బల్లపై పరచెను. మడతలచోట చారలు పడినవి. నడుమ పూలచెట్టు, అంచున చిలుకలు.

"ఉతికిన యీ చారలు పోవునా, అక్కయ్యా?" అని యడిగెను.

చన్నీళ్లలో, ఎండ తగులనిచోట ఆరవేయవలెనని చెప్పితిమి.