కోలారు నుంచి బేతమంగళం దాకా: మెచ్చిన కట్టడాలు, మెచ్చని కట్టడాలు

కోలారులో బయల్దేరి దక్షిణంగా బంగారుపేట, అక్కణ్నుంచి తూర్పుకు తిరిగి బంగారు గనులు, గనులు దాటాక కమ్మసంద్ర, చివరికి పాలారు ఒడ్డున బేతమంగళం. యాభై కిలోమీటర్లు నిండని ఈ దారిలో చోళుల నాటి గుడి ఉంది, ఇంగ్లీషు దొరల క్లబ్బు ఉంది, 108 అడుగుల శివలింగం ఉంది, పనివాళ్ల ఒంటిగది ఇళ్ల వరసలు ఉన్నాయి. సర్కారు కాగితాల్లో కన్నడం, పల్లె ఇళ్లలో తెలుగు, గనుల వీధుల్లో తమిళం వినబడే కర్ణాటక జిల్లా ఇది. ఇక్కడి జనం ఏ కట్టడాన్ని మెచ్చారు, దేన్ని మెచ్చలేదు అని చూస్తే శిల్పం, అలంకారం లెక్కకు వచ్చిన సందర్భాలు తక్కువ. లోపలికి ఎవర్ని రానిచ్చారన్నదే చాలాసార్లు సంగతి తేల్చింది.

కోలారు పాత పేరు కువలాలం. గంగరాజుల తొలి రాజధాని. ఊళ్లో రెండు పాత గుళ్లు దగ్గర దగ్గరే ఉన్నాయి. సోమేశ్వరాలయం విజయనగర కాలపు పని. ఎత్తయిన గోపురం, చెక్కుడు స్తంభాల కల్యాణ మంటపం ఉన్న ఈ గుడిని పురావస్తు శాఖ చూసుకుంటోంది. శిల్పం చదువుకున్నవాళ్లు ముందు అక్కడికే వెళ్తారు. ఊరివాళ్ల గుడి మాత్రం కోలారమ్మది. మొదటి రాజేంద్ర చోళుడి శాసనాలున్న ఆ గుడి పొట్టిగా, బరువుగా నేలకు అంటుకున్నట్టు ఉంటుంది. మహిషాసురమర్దని ఒక గర్భగుడిలో, తేళ్ల దేవత చేళమ్మ మరొక గర్భగుడిలో కొలువున్నారు. చేళమ్మ ముందు హుండీ పెట్టె ఉండదు. నేలలో తొలిచిన గుంటే హుండీ. కానుక అందులో జారవిడిస్తే తేలు కుట్టదని నమ్మకం. రాళ్లగుట్టల మధ్య సేద్యం చేసుకునే జిల్లాలో ఆ నమ్మకం ఎందుకు నిలిచిందో వేరే చెప్పనక్కర్లేదు. అందంలో సోమేశ్వరుడిదే పైచేయి. అయినా ఊరి పేరు చెబితే గుర్తొచ్చేది అమ్మవారే.

అదే ఊళ్లో హైదరాలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉన్న మక్బరా ఉంది. హైదర్ పుట్టిన బూదికోట బంగారుపేటకు దక్షిణాన ఉంటుంది. మక్బరాకు ఎవరూ పెద్దగా అడ్డు చెప్పరు, ఎవరూ పెద్దగా వెళ్లరు. గడియారపు స్తంభం సంగతి అలా లేదు. దాని రంగు మీద, దాని మీద ఎగిరే జెండా మీద ఏళ్ల తరబడి ఊరు రెండుగా చీలి వాదించుకుంది. 2022 మార్చిలో పోలీసు బందోబస్తు మధ్య పాత రంగు మార్చి జాతీయ జెండా ఎగరేశారు. ఒకే కట్టడం ఒక వీధికి ఇష్టం, పక్క వీధికి గిట్టనిది కావడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఈ దారిలో దొరకదు. ఇక కోలారు రైతుకు ఏ కట్టడం ముఖ్యమని అడిగితే ఏపీఎంసీ యార్డులోని రేకుల షెడ్లనే చూపిస్తాడు. ఆసియాలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి నడిచేది వాటి కిందే. రేకు, ఇనుప స్తంభం, సిమెంటు నేల తప్ప అక్కడ చూడటానికేమీ లేదు.

బంగారుపేట ఒకప్పుడు బౌరింగ్‌పేట. మైసూరు కమిషనర్ లూయిన్ బౌరింగ్ పేరు మీద వెలిసిన ఊరు. స్టేషన్, రైల్వే క్వార్టర్లు, వడ్ల మిల్లులు, తెల్లటి నీళ్ల పానీపూరీ బళ్లు: అంతకు మించి ఇక్కడ ఆగాల్సిన పని లేదు. అయితే మారికుప్పం దాకా రైలు 1894లో పడింది ఈ జంక్షన్ నుంచే. బొగ్గు, యంత్రాలు, మనుషులు, బంగారపు కడ్డీలు ఈ ప్లాట్‌ఫారం మీదుగానే నడిచాయి. రోడ్డు కూడా చాలా దూరం ఆ పట్టాల పక్కనే సాగుతుంది.

1964లో పెట్టిన బెమెల్ భారీ యంత్రాల కర్మాగారం దాటాక కోరమాండల్, ఊరిగాం, ఛాంపియన్ రీఫ్స్, మారికుప్పం వరసగా వస్తాయి. ఇవన్నీ కలిపితే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్, పొట్టిగా కేజీఎఫ్. మైకేల్ ఫిట్జెరాల్డ్ లవెల్ అనే ఐరిష్ సైనికుడు 1873లో తవ్వకానికి అనుమతి కోరాడు. 1880ల్లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేతికి వచ్చాక గనులు నిలదొక్కుకున్నాయి. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి 92 మైళ్ల తీగల మీద కరెంటు ఇక్కడికి చేరింది. బెంగళూరు వీధులకు దీపాలు వచ్చింది ఆ తర్వాతే. ఆ వెలుగులో లాభపడ్డవి ఊరిగాం గుట్టల మీది దొరల బంగళాలు. పెంకుటి కప్పులు, లోతైన వరండాలు, గులాబీ తోటలు, పొగగొట్టాలు. ‘చిన్న ఇంగ్లండ్’ అన్న పేరు వాటి వల్లే. మధ్యలో క్లబ్బు: చెక్కనేల నాట్యశాల, బిలియర్డ్స్ బల్లలు, గోల్ఫ్ మైదానం. చాలాకాలం అది తెల్లవాళ్లకే. పనివాళ్ల ఇళ్లలోంచి అక్కడికి వెళ్లినవాళ్లు బట్లర్లుగానో, తోటమాలులుగానో వెళ్లారు. పత్రికల్లో ఫొటోలు పడేది ఎక్కువగా ఈ బంగళాలవే. అవి అందమైనవే, కాదనలేం. కాకపోతే కేజీఎఫ్‌లో పుట్టినవాళ్లలో ఎక్కువమందికి అది గేటు బయటి అందం.

గేటు బయట ఉన్నవి ‘లైన్లు’. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వచ్చిన తెలుగు, తమిళ కుటుంబాలు, వాటిలో అత్యధికం దళిత కుటుంబాలు, మొదట వెదురు తడికల గుడిసెల్లో, తర్వాత బారుగా కట్టిన ఒంటిగది ఇళ్లలో బతికాయి. ఒకే గోడకు ఇటొక కుటుంబం, అటొక కుటుంబం. ఆ లైన్ల చివర కట్టినవే ఈ దారి మొత్తంలో అతి నీచమైన కట్టడాలు: నీళ్లు లేని సామూహిక మరుగుదొడ్లు. వరసగా అరలు, వెనక వైపు మలం తీయడానికి చిన్న సందు. తెల్లవారేసరికి చీపురు, రేకు ముక్క, బకెట్‌తో ఒక మనిషి ఆ సందు దగ్గర వంగాలి. తీసినదాన్ని మోసుకెళ్లి గోతిలో పోయాలి. బకెట్ గోతిలో జారిపడితే చేత్తో దేవి తీయాలి. ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఒకటి నడిపిన యాజమాన్యాలకు ఈ దొడ్లకు గొట్టం వేయడం అసాధ్యమైన పనేమీ కాదు. ఆ పని చేసిన తెలుగు దళిత కుటుంబాల్లో ఒకదానిలో 1966లో పుట్టాడు బెజవాడ విల్సన్. 1980ల నుంచి ఆయన అధికారులకు ఉత్తరాలు రాశాడు, దొడ్ల ఫొటోలు తీయించాడు. పొడి మరుగుదొడ్ల నిర్మాణాన్ని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చినా కేజీఎఫ్‌లో అవి నడుస్తూనే ఉన్నాయి. ఫొటోలు పత్రికకెక్కి, మాట పార్లమెంటు దాకా పోయాకే యాజమాన్యం కదిలి వాటిని నీటి దొడ్లుగా మార్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ అక్కణ్నుంచి దేశమంతా పాకింది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం దక్కింది. కట్టడాలను కాపాడాలని నడిచిన ఉద్యమాలు ఎన్నో ఉన్నాయి. కూల్చాలని మొదలై దేశాన్ని కదిలించిన ఉద్యమం ఈ ఊరిది.

గని కుటుంబాలు నిజంగా ఇష్టపడ్డ కట్టడం షాఫ్టు మీది ఇనుప చట్రం. నాలుగు కాళ్ల మీద వాలుగా నిలబడి, నెత్తిన రెండు పెద్ద చక్రాలు. చక్రం మీదుగా జారిన ఉక్కు తాడు ఏటవాలుగా ఇంజను ఇంట్లోకి పోతుంది. లోపల ఇంజను నడిపేవాడికి మనుషుల్ని దించి ఎక్కించే కేజి కనబడదు. గంట మోతలు, లోతు చూపే ముల్లున్న పలక చూసి దాన్ని కిందికీ పైకీ నడపాలి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. చక్రం తిరుగుతోందంటే ఇంటిమనిషి దిగుతున్నాడో, ఎక్కుతున్నాడో అన్నమాట. వేళకాని వేళ సైరన్ మోగితే లైన్లన్నీ ఆ చట్రం కిందికే పరుగెత్తేవి. ఇష్టం, భయం రెండూ ఒకే ఇనుములో ఉన్నాయి. ఆ లోతుల్లోనే 1965లో టాటా పరిశోధన సంస్థ, ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను తొలిసారి పట్టుకున్నవాళ్లలో ఉన్నారు. ముఖద్వారమంటూ లేని ప్రయోగశాల అది.

ఛాంపియన్ రీఫ్స్ ఆసుపత్రికి తలుపుల పట్టింపు తక్కువ. రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లూ, బండ పేలి దెబ్బతిన్నవాళ్లూ అక్కడికే చేరారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాక అదీ మూగబోయింది. 2021లో కోవిడ్ రెండో ఉద్ధృతిలో వలంటీర్లు బూజు దులిపి, రంగులు వేసి మళ్లీ మంచాలు పరిచారు. జనం ఒక కట్టడాన్ని మెచ్చారనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

బంగారం తీయగా మిగిలిన పొడి పోసిపోసి ఊరి పక్క లేచిన బూడిదరంగు సైనైడ్ దిబ్బలు కట్టడాలు కావు గానీ, ఊళ్లో మనుషులు పేర్చినవాటిలో పెద్దవి అవే. 13 దిబ్బలు, సుమారు 3.3 కోట్ల టన్నులు. గాలి వీస్తే ఇళ్ల మీద, అన్నం మీద, కళ్లలో అదే పొడి. 2018 నాటి ‘కేజీఎఫ్’ సినిమా పుణ్యమా అని బయటివాళ్లు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆ దిబ్బల్లో మిగిలిన బంగారం తీయడానికి ఒప్పుకుంది.

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట తిన్నని వీధులు దాటి రోడ్డు ఈశాన్యానికి తిరిగితే కమ్మసంద్ర కోటిలింగేశ్వరం. 1980లో మొదలైన గుడి. 108 అడుగుల లింగం, ఎదురుగా 35 అడుగుల నంది, చుట్టూ భక్తులు తమ పేరున ప్రతిష్ఠించుకున్న లక్షల లింగాలు. శిల్పరసికులు దీన్ని సిమెంటు ఆడంబరమని కొట్టిపారేస్తారు. కొలతల మోజు ఉన్న మాట నిజమే. కానీ తన పేరున ఒక లింగం నిలబెట్టుకునే వీలు ఏ సోమేశ్వరాలయమూ కూలివాడికి ఇవ్వలేదు. శివరాత్రి జనం ఆ తేడాను బాగానే గ్రహించారు.

దారి ముగిసేది బేతమంగళం చెరువు కట్ట మీద. పాలారుకు అడ్డంగా కట్టిన ఈ చెరువు గనులకన్నా ఎంతో పాతది. శాసనాల్లో ఈ ఊరు విజయాదిత్యమంగళం. గనుల కంపెనీ ఇక్కడ నీటి సరఫరా కేంద్రం కట్టి, వడకట్టిన నీటిని కేజీఎఫ్‌కు పంపింది. పంపు ఇల్లు, వడపోత తొట్లు, గొట్టాలు: పోస్టుకార్డుకెక్కే సొగసు ఒక్కటీ లేదు. అయినా బంగళా కుళాయిలోనూ, లైను చివరి కుళాయిలోనూ పారినవి ఈ నీళ్లే. ఈ దారిలో ఒక్క కట్టడానికే ఓటు వేయమంటే, అది ఈ నీళ్లింటికే పడాలి.