తలకిందులుగా చెవులు

పొద్దున్నే మంచమ్మీద వెల్లకిలా పడుకుని, తల అంచు మీంచి కిందికి వేలాడేసి, ముక్కు మూసుకుని "క్... క్" అంటున్నా. అమ్మ చూసి, "మెడ పట్టిందేంట్రా?" అంది.

ఊపిరి బిగబట్టి లోతుకి మునిగే ఫ్రీడైవింగ్‌కి సాధన అని ఎలా చెప్పను! తెనాలి పక్క మా ఊరి బావిలో చిన్నప్పుడు పాతాళగరిగెకి చిక్కని చేద నా చేతికి చిక్కేది. చెవులు మాత్రం సాయంత్రం దాకా దిబ్బడే.

పది మీటర్ల లోతులో గాలి సగానికి నలిగిపోతుంది. చెవిలో ఆ లోటుని ముక్కు వెనక సన్నటి గొట్టంలోంచి మనమే పూడ్చాలి. ముక్కు మూసి ఛాతీతో ఊదడం అందరికీ తెలిసిందే, 1704లో వల్సాల్వా అనే ఇటలీ వైద్యుడు రాసిపెట్టాడు. నిలువుగా ఉంటే సరే. తలకిందులైతే గాలి ఊపిరితిత్తుల వైపే పోతుంది, ఊది నోట్లోకి తేవడం చాలా కష్టం. అక్కడ ఫ్రెంజెల్ పద్ధతే గతి: గొంతు బిగించి, నోట్లో మిగిలిన గాలిని నాలుక వెనకభాగంతో పైకి నెట్టాలి. ఛాతీ, పొట్ట కదలకూడదు.

ఎక్కడ సాధన చెయ్యను? బాపట్ల సూర్యలంకలో చాలా దూరం నడిచినా నడుంలోతే, పైగా అలలు లాగేస్తాయి. రేపల్లె దగ్గర పెనుమూడి రేవులో కృష్ణ నీళ్లు బురద. ఒంటరిగా ఊపిరి బిగబట్టి మునగడం ఎక్కడైనా పిచ్చిపనే.

అందుకే మంచం. ఇవాళ ఎడమ చెవి "టప్" మంది. కుడిది ఇంకా మొండికేస్తోంది. అమ్మ ఆవిరి పట్టడానికి నీళ్లు కాస్తోంది.