అది ఆ తల్లి దోషం కాదు

1980లలో నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తుండగా, మోకాలు వాచిన మూడేళ్ల బాబును తీసుకువచ్చారు. చిన్న దెబ్బ తగిలినా రక్తం ఆగేది కాదట. పెద్దాసుపత్రిలో చేయించిన పరీక్షలలో హీమోఫీలియా ఎ అని తేలింది. పుస్తకంలో చదువుకున్నట్లే, "ఇది తల్లి ద్వారా వచ్చే జబ్బు" అన్నాను. వెంటనే అత్తగారు కోడలి వైపు చూసిన చూపు నాకు నేటికీ గుర్తుంది. "మా పుట్టింట ఎవరికీ లేదండీ" అని ఆ అమ్మాయి అన్న మాటను నేను పట్టించుకోలేదు.

1988లో అమెరికాలో డాక్టర్ హేగ్ కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా ఎ రోగుల డి.ఎన్.ఎ.ను పరీక్షించింది. ఇద్దరిలో, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన ఫ్యాక్టర్ 8 జన్యువులో ఎల్1 అనే ముక్క కొత్తగా దూరి ఉంది. వారి తల్లుల జన్యువులో అది లేదు.

ఎల్1 ఒక రెట్రోట్రాన్స్‌పోజాన్. అది తన ఆర్.ఎన్.ఎ. నకలు తీయించుకుని, దానిని తిరిగి డి.ఎన్.ఎ.గా మార్చి, మరో చోట చొప్పిస్తుంది. అసలు ప్రతి ఉన్నచోటే ఉంటుంది. ఇలా తరతరాలుగా పేరుకుని, మన జీనోమ్‌లో సుమారు 17 శాతం ఎల్1 ప్రతులే అయ్యాయి. వాటిలో అత్యధికం ఇక కదలలేని శిథిలాలు. ఒక్కో జంతుజాతిది ఒక్కో చరిత్ర. ఆలూ అనే ముక్కలు వానరజాతికే ప్రత్యేకం, మనలో పది లక్షలకు పైగా ఉన్నాయి. ఆవులోని బోవ్‌బి ముక్కకు దగ్గరి బంధువులు పాములలో, బల్లులలో కనిపిస్తాయి. పిడుదుల వంటి పరాన్నజీవులు దానిని మోసుకువచ్చి ఉండవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ.

ఇలా చొరబడినవన్నీ కీడే చేయలేదు. కోట్ల ఏళ్ల క్రితం మన పూర్వీకుల డి.ఎన్.ఎ.లో చేరిన ఒక రెట్రోవైరస్ జన్యువే నేడు సిన్‌సిటిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తోంది. గర్భంలో మాయ ఏర్పడటానికి అది తోడ్పడుతుంది.

హీమోఫీలియా రోగులలో సుమారు మూడో వంతు మందికి కుటుంబంలో ఆ జబ్బు చరిత్రే ఉండదు. కొత్తగా వచ్చే మార్పులన్నీ ఇలా దూకే ముక్కల వల్లే కావు, అవి అరుదు. ఏ మార్పు ఎవరిలో వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. తల్లి వాహకురాలైనా అది ఆమె చేసిన తప్పు కాదు. మీ ఇంట ఇటువంటి బిడ్డ ఉంటే, మరో కాన్పుకు ముందు తల్లికి వాహక పరీక్ష చేయించండి. నిందించడానికి కాదు, రాబోయే బిడ్డ కోసం.

ఆ అమ్మాయికి నేను ఈ మాట చెప్పలేకపోయాను. అందుకే మీకు చెబుతున్నాను.