కొయ్య లాంతరు

మా సాయంకాల కుటుంబ ప్రార్థనకు కొయ్య లాంతరు ఒకటి చేయించాలనుకొన్నాము. కొయ్యలో నూనె దీపము ప్రమాదము గనుక లోపల చిన్న ఎల్.ఇ.డి. బల్బు చాలును. ఏర్పేడు మండలము మాధవమాలలో చెక్కే నేర్పరులకు కొదువ లేదు. ఏ కొయ్య అన్నదే ప్రశ్న. ఎర్రచందనము బిల్లు లేకుండా చవకగా తెచ్చిపెడతామన్నారొకరు. వద్దన్నాము.

ప్రియులారా, 2015 ఏప్రిల్ 7న శేషాచలము అడవిలో, ఎర్రచందనము నరుకుటకు వచ్చారని పోలీసులు చెప్పిన 20 మంది తమిళనాడు వారు కాల్పులలో చనిపోయారు. వారి యిండ్లలో దీపములు ఆరిపోయినవి. దొంగ సరుకు కొన్నవారి యిండ్లు మాత్రము వెలుగుచునే యున్నవి. కొనేవారు లేనిదే నరికేవారుండరు గదా!

మా లాంతరు వేపకొయ్యది. దాని వెలుగులో పిల్లలు వాక్యము చదువుచున్నారు. మీరును కొయ్య వస్తువు కొనునప్పుడు బిల్లు అడగండి.