తెల్లవారకమునుపే

యూదులు తోరాగ్రంథమును 54 భాగములుగా విభజించి, యేడాదిలో ముగియునట్లు వారవారము విశ్రాంతిదినమున ప్రార్థనామందిరములందు పఠింతురు. అందొక భాగమునకు 'కెదోషీం' అని పేరు; పవిత్రులని యర్థము. ఆ పేరు చూచి, ఉపవాసములును మడియు నెట్లు చెప్పిరోయని మేము పుటలు త్రిప్పితిమి. కానవచ్చినది కూలివాని సంగతి! వాని కూలి తెల్లవారువఱకు యజమానునియొద్ద నిలువరాదట. వాడు బీదవాడు, దానిమీదనే ప్రాణము పెట్టుకొని యుండునని మఱియొకచోట హేతువును గలదు.

మన యిండ్లలో మైల తగిలినచో స్నానము కావలయును. పనిమనిషితో "చిల్లర లేదు, రేపు రమ్ము" అన్నచో నేమియు నక్కఱలేదు. యూదపండితులు గడువు సైతము నిర్ణయించిరి: పగటి కూలికి రాత్రియంతయు, రాత్రి కూలికి మఱునాటి పగలంతయు. అయితే కూలివాడు అడిగిననే దోషమనియు, అడుగనిచో లేదనియు వారి ధర్మసంహితయగు మిష్నా యనుచున్నది. ఇది మాకు రుచింపలేదు. గుమ్మముకడ నిలిచి, అమ్మగారి ముఖము చూచి, నోరు మెదపక మరలిపోవు నామె మాట యేమి?