రసీదు ఎక్కడ?

మా వారి ప్రావిడెంటుఫండు సొమ్ముతో చీపురుపల్లిలో మేము కట్టించుకొన్న యింటి గోడలపూత తొలివానకే పొక్కులెత్తి రాలిపోయినది. దుకాణదారు నేరమును మేస్త్రీపై మోపెను. మేస్త్రీ సిమెంటుపై మోపెను. మా వారు మౌనము వహించిరి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును మేమే చదివితిమి. తయారుచేసినవాడే కాక అమ్మినవాడును, పనిచేసినవాడును తమతమ లోపములకు బాధ్యులు కావచ్చునట. విజయనగరమందలి జిల్లా వినియోగదారుల కమిషనులో రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. మాకింక ఐదునెలలే మిగిలినవి. చెల్లించిన వెల 5 లక్షలు మించనిచో రుసుము లేదు. వకీలు లేకున్నను వాదింపవచ్చును. పరీక్ష లేక లోపము తేలనిచో కమిషనువారే నమూనాకు ముద్రవేసి ప్రయోగశాలకు పంపుదురు.

అంతయు బాగున్నది గాని, రసీదు ఏది? పప్పుడబ్బాలో దాచితిమనుకొని మూడుదినములు వెదకితిమి. తుదకు పాతపంచాంగము నడుమ దొరికినది. తయారైన వారము ముద్రించిన ఖాళీసంచులు ధాన్యపుమూటల క్రింద పరచియున్నవి. వానిని దులిపి మడిచిపెట్టితిమి. రేపు విజయనగరమునకు రైలెక్కుచున్నాము.