ఇంకెన్నేళ్ళుంటారు సార్?

పోయిన ఆగస్టులో ఒక గురువారం రాత్రి మా పడగ్గది ఏసీ పోయింది. పోయిందంటే పూర్తిగా ఆగిపోలేదు. ఫ్యాను తిరుగుతోంది, గాలి వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. పిల్లలిద్దరినీ లేపి, పరుపులు హాల్లోకి లాక్కుని, నలుగురం ఒకే ఏసీ కింద పడుకున్నాం.

నేను రెంటచింతలలో పుట్టినవాణ్ణి. ఎండలు నాకు కొత్త కాదు. కానీ మా ఊరి ఎండ వేరు, అల్ ఖోబర్ ఎండ వేరు. అక్కడ వడగాలి కొడుతుంది, చెట్టు కిందకో, తడిపిన వట్టివేళ్ళ తడిక వెనక్కో వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ సముద్రం పక్కనే ఉంది కాబట్టి గాలి నిండా నీళ్ళే. మాకు ఆనుకునే ఉన్న దహ్రాన్‌లో 2003 జులై 8న డ్యూ పాయింట్ 35 డిగ్రీలు నమోదైంది. మన చర్మం వేడి కూడా ఇంచుమించు అంతే. అంటే చెమట పడుతుంది గానీ ఆరదు. అలాంటి చోట నీడ వల్ల ఉపయోగం తక్కువ, ఏసీయే దిక్కు.

తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడి పాత బిల్డింగుల్లో చాలా ఫ్లాట్లకి ఏసీలు ఉండవు, గోడలకి కన్నాలే ఉంటాయి. ఏసీ మనమే తెచ్చుకుని ఆ కన్నంలో పెట్టుకోవాలి, వెళ్ళేటప్పుడు మనమే అమ్ముకోవాలి. నేను వచ్చిన కొత్తలో, ఎగ్జిట్ మీద వెళ్ళిపోతున్న ఒక మలయాళీ కుటుంబం దగ్గర మూడు విండో ఏసీలు కలిపి 900 రియాళ్ళకి కొన్నాను. ఆయన కన్నీళ్ళొక్కటే తక్కువగా అమ్మాడు. బేరమాడినందుకు అప్పట్లో తెగ గర్వపడ్డాను.

శుక్రవారం అసర్ నమాజు అయ్యాక తుగ్బా నుంచి మెకానిక్ వచ్చాడు. జగిత్యాల మనిషి. మూత విప్పి, మీటరు పెట్టి చూసి, "కంప్రెసర్ ఖతమైంది సార్. కొత్తది ఏస్తె 550 అయితది. గని ఇంత పాత మిషిన్‌కు అంత పెట్టుడెందుకు" అన్నాడు. కొత్త విండో ఏసీ అయితే బిగింపుతో కలిపి 1,250. ఇన్వర్టర్ స్ప్లిట్ అయితే పైపులు, స్టాండు, పనితో కలిపి 2,150. "నీకైతే ఏది పెట్టించుకుంటావు?" అని అడిగాను. సమాధానం చెప్పకుండా తిరిగి నన్నే అడిగాడు: "ఇంకెన్నేండ్లుంటరు సార్ ఈడ?"

రేపు చెప్తానని పంపించేసి, అలవాటు కొద్దీ ఎక్సెల్ తెరిచాను.

రెండూ ఒకటిన్నర టన్నువే. (ఈ టన్ను ఏసీ బరువు కాదండోయ్. ఐసు కాలం నాటి లెక్క. ఒక అమెరికన్ టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత. అంటే మా పడగ్గది కోసం రోజుకి 1,360 కిలోల ఐసు దింపినట్టు. మా నాన్నకి చెప్తే, ఐసు బండివాడు కూడా ఇంత తీసుకోడు కదరా అన్నారు.) పాతరకం విండో ఏసీ 2.1 కిలోవాట్లు తింటే, ఇన్వర్టర్ 1.5 తింటుందనుకుందాం. రోజుకి పది గంటలు, ఏడు నెలలు. ఏడాదికి ఒక 1,260 యూనిట్లు ఆదా. యూనిట్ 18 హలాలాలు, దాని మీద 15 శాతం వ్యాట్. మొత్తం 260 రియాళ్ళు. ఎక్కువ పెట్టే 900 తిరిగి రావడానికి మూడున్నరేళ్ళు.

2018 జనవరికి ముందు ఇలాంటి లెక్క ఎవరూ వేసేవారు కాదు. అప్పుడు మొదటి రెండు వేల యూనిట్లకి యూనిట్ 5 హలాలాలే. ఆ రేటున ఈ 900 తిరిగి రావాలంటే పద్నాలుగేళ్ళు పట్టేది. కరెంటు బిల్లు చూసుకోవడం మా కాలనీ అంతా ఆ ఏడాదే నేర్చుకుంది.

సరే, మూడున్నరేళ్ళు. మా పెద్దది ఏడో తరగతి. పదో తరగతి అవగానే హైదరాబాద్ వెళ్ళిపోదామని నేనూ మా ఆవిడా అనుకున్నది. అంటే మూడేళ్ళు. ఆర్నెల్లు తక్కువ.

ఆ మూడేళ్ళు కూడా మా చేతిలో ఉన్నాయా? ఫ్యామిలీ ఫీజు 2017లో నెలకి తలకి 100 రియాళ్ళతో మొదలై 2020కి 400 అయింది. మా ముగ్గురు డిపెండెంట్లకి ఏడాదికి 14,400. దాని ముందు ఈ ఏసీ ఎంత! ఆ ఫీజు వచ్చాక మా బిల్డింగులోనే ఎన్ని కుటుంబాలు ఖాళీ చేశాయో, ఎన్ని విండో ఏసీలు మెట్ల కింద దుమ్ముపట్టాయో చూశాను. ఇప్పుడు మా కంపెనీ ఇఖామా మూడు నెలలకోసారి రెన్యూ చేస్తోంది. ఇన్వర్టర్ కంప్రెసర్ వారంటీ మాత్రం పదేళ్ళట.

మినియాపొలిస్‌లో ఉండే నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. జనవరిలో వాడి ఇంటి ఫర్నెస్ పోతే ఆరు వేల డాలర్లు వదిలాయట. "ఎన్నేళ్ళకి తిరిగొస్తుందని లెక్క వేశావురా?" అన్నాను. "లెక్కేంట్రా, బయట మైనస్ ఇరవై. పైగా సొంతిల్లు" అన్నాడు. డబ్బు వాడికే ఎక్కువైంది. అయినా నాకే కుళ్ళుగా అనిపించింది.

రాత్రి మా ఆవిడకి ఎక్సెల్ చూపించాను. చూసి, "మూడేళ్ళు అని మీరు వేసిన గడిలో, మనం వచ్చినప్పుడు ఎంత వేశారు?" అంది. రెండు. అది జరిగి పదకొండేళ్ళు.

స్ప్లిట్టే పెట్టించాం. మెకానిక్ గోడకి డ్రిల్లు పెడుతుంటే, "నువ్వెన్నేళ్ళకని వచ్చావు?" అని అడిగాను. "చెల్లె పెండ్లి అప్పు తీరేదాంక అనుకున్న సార్. ఇప్పుడు మా బిడ్డ పెండ్లికొచ్చింది" అన్నాడు, కిందకి చూడకుండా. 50 రియాళ్ళు తగ్గించమని అడుగుదామనుకున్నవాణ్ణి ఊరుకున్నాను.

నాన్నకి వెయ్యి రియాళ్ళే అని చెప్పాను. దాన్ని ఇరవై రెండుతో గుణించి ఆయన కాసేపు మాట్లాడలేదు.

చివరికి పాత ఏసీ తీసిన కన్నం మిగిలింది. ఇటుక పెట్టి సిమెంటు చేయించమంటారా, ప్లైవుడ్ కొట్టేయమంటారా అని అడిగాడు. ఇటుకైతే ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ పగలగొట్టించి ఇవ్వాలి. మా ఆవిడ వైపు చూశాను. తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ప్లైవుడ్ కొట్టమన్నాను. పొద్దున్నే దాని అంచు నుంచి సన్నగా వెలుగు పడుతోంది. ఫోమ్ కొనాలి.